పెన్ను, ఫోను, షాపు: ఇంగ్లీష్ వాచకాలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

ఇంగ్లీష్ వాచకాలు, వర్క్‌బుక్కులు తయారుచేసే పెద్దలకు, శిక్షణ తరగతుల్లో మాకు పాఠాలు చెప్పే రిసోర్స్ పర్సన్లకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పే స్కూల్ అసిస్టెంటుని. మిమ్మల్ని పెద్ద విధాన నిర్ణయాలేమీ అడగబోవడం లేదు. మీడియం గొడవ అసలే ఎత్తను. దాని మీద రాయాల్సినవాళ్లందరూ రాశారు, కోర్టులు కూడా మాట్లాడాయి. నా గోలంతా డబుల్ లెటర్స్ గురించి. రన్నింగ్‌లో రెండు ఎన్‌లు ఎందుకు, రీడింగ్‌లో ఒకటే డి ఎందుకు అన్నది పిల్లలకు చెప్పే తీరు మారాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, కొత్త కిట్లు అక్కర్లేదు. వాచకంలో రెండు పేజీలు, శిక్షణలో ఒక పూట ఇస్తే చాలు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి మీకు తెలియంది కాదు. నేను చూసిన వర్క్‌బుక్కుల్లో ఒక పెట్టె గీసి, అందులో రన్ - రన్నింగ్, సిట్ - సిట్టింగ్, స్టాప్ - స్టాపింగ్ అని నాలుగు జతలు వేస్తారు. పైన 'చివరి అక్షరాన్ని రెట్టింపు చేయండి' అని ఒక వాక్యం ఉంటుంది, కింద పూరించడానికి ఖాళీలు ఉంటాయి. ఎందుకు రెట్టింపు చేయాలో ఉండదు, ఎక్కడ చేయకూడదో అంతకన్నా ఉండదు. దాంతో పిల్లవాడు చెప్పిన మాట శ్రద్ధగా విని, రీడింగ్‌కు రెండు డీలు, హెల్పింగ్‌కు రెండు పీలు పెట్టుకొస్తాడు. మేము ఎర్ర సిరాతో కొట్టేసి ఇంపొజిషన్ ఇస్తాం. మర్నాటికి వాడు హెల్పింగ్‌తో పాటు స్విమ్మింగ్‌లో కూడా ఒక ఎమ్ తీసేస్తాడు. దెబ్బలు తిన్నచోట జాగ్రత్తపడటం పిల్లల స్వభావం కదా.

ఇంతకీ ఈ నియమం మన పిల్లలకు కొత్తదా? కానే కాదు. వాళ్ల నోట్లో ముందునుంచీ ఉన్నదే.

ఇంగ్లీష్ మాట మన ఇంటికొచ్చి చివర ఉకారం తగిలించుకునేటప్పుడు ఏం జరుగుతోందో గమనించండి. పెన్ కాస్తా పెన్ను అయింది. కప్ కప్పు, బస్ బస్సు, పిన్ పిన్ను, జగ్ జగ్గు, నెట్ నెట్టు. ఫోన్ మాత్రం ఫోన్ను కాలేదు, ఫోను దగ్గరే ఆగిపోయింది. గేటు, కేకు, పైపు, లైటు, నోటు, బూటు, ట్యూబు కూడా అంతే. ఇక బెల్టు, పంపు, బల్బు, డెస్కు చూడండి. అక్కడ అచ్చు పొట్టిదే అయినా, చివర అప్పటికే రెండు హల్లులు ఉన్నాయి కాబట్టి మరో వత్తు పడలేదు. ఏ పండితుడూ కూర్చుని ఈ సూత్రం రాసిపెట్టలేదు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా బస్సు అంటుంది గానీ బసు అనదు, గేటు అంటుంది గానీ గేట్టు అనదు.

ఇప్పుడు ఇంగ్లీష్ వైపు రండి. పిన్‌కు ఇంగ్ చేరిస్తే రెండు ఎన్‌లు, ఫోన్‌కు చేరిస్తే ఒకటే, పంప్‌కు చేరిస్తే పి ఒకటే. ఇంగ్లీష్ టీచర్లు దీన్ని వన్-వన్-వన్ రూల్ అంటారు: ఒకే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క), అందులో ఒకే అచ్చు అక్షరం, చివర ఒకే హల్లు. ఈ సిలబుల్ గొడవ లేకుండా తెలుగులోనే చెప్పుకోవచ్చు. హ్రస్వం తర్వాత ఒంటరి హల్లు ఉంటే ద్విత్వం చెయ్యి, దీర్ఘమైతే వద్దు, సంయుక్తమైతే వద్దు. ఈ నాలుగు మాటలూ మన పిల్లలు ప్రాథమిక తరగతుల్లోనే తెలుగు పీరియడ్‌లో నేర్చుకుంటారు. గుణింతం దిద్దిన ప్రతివాడికీ పొట్టి అచ్చు ఏదో, పొడుగు అచ్చు ఏదో తెలుసు. ఇంగ్లీష్ పీరియడ్‌లో మాత్రం 'వవల్స్ ఐదు' అని అప్పజెప్పించి వదిలేస్తాం. ఆ ఐదు అక్షరాల్లో ప్రతిదానికీ ఒక పొట్టి పలుకు, ఒక పొడుగు పలుకు ఉన్నాయని, స్పెల్లింగు సగం ఆ తేడా చుట్టూనే తిరుగుతుందని చెప్పం.

ఇంకో చిన్న షరతుంది. చేర్చే ముక్క అచ్చుతో మొదలవ్వాలి: ఇంగ్, ఎడ్, ఎర్, ఎస్ట్, వై. శాడ్‌కు నెస్ చేర్చినా, షిప్‌కు మెంట్ చేర్చినా రెట్టింపు ఉండదు. ఇది ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది, దీనికి పేజీ అవసరం లేదు.

పిల్లలకు అసలు తికమక ఇంకోచోట ఉంది. మనకు వత్తు పలకడానికి ఉంది. గుడికి, గుడ్డికి తేడా తెలియనివాళ్లు ఉండరు. ఇంగ్లీష్‌లో రెండు ఎన్‌లు రాసినా పలికేది ఒకటే. ఆ రెండో అక్షరం అక్కడ హల్లు కోసం లేదు, ముందున్న అచ్చును పొట్టిగా ఉంచడానికి ఉంది. రెండు ఎన్‌లు ఉంటే డిన్నర్, ఒకటి తీసేస్తే డైనర్. సూపర్‌కు ఒక పి, రాత్రిపూట తినే సప్పర్‌కు రెండు. హోప్‌కు ఇంగ్ చేర్చి ఒక పి రాస్తే ఆశపడటం, రెండు రాస్తే ఒంటికాలిమీద గెంతడం. 'రెండో అక్షరాన్ని పలకకు, దాన్ని చూసి ముందు అచ్చును పొట్టిగా పలుకు' అని చెప్పి చూడండి. ఆరో తరగతి పిల్లలు కూడా కొత్త మాటను తడుముకోకుండా చదువుతారు.

ఇంగ్లీష్ మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందట వాళ్లూ మనలాగే వత్తు పలికేవాళ్లు. పాత ఇంగ్లీష్‌లో సును అంటే కొడుకు, సున్నె అంటే సూర్యుడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ వత్తు పలుకు పోయింది, రాత మాత్రం మిగిలింది. ఆ మిగిలిన రాతకు కొత్త ఉద్యోగం దొరికింది: ముందు అచ్చు పొట్టిదని చెప్పడం. 12వ శతాబ్దంలో ఓర్మ్ అనే క్రైస్తవ సన్యాసి పొట్టి అచ్చు తర్వాతి హల్లును చాలాచోట్ల పట్టుబట్టి రెండుసార్లు రాశాడు. తన ప్రతిని ఎత్తిరాసేవాళ్లను కూడా, నేను రెండుసార్లు రాసినచోట మీరూ రెండుసార్లే రాయండి అని ప్రాధేయపడ్డాడు. ఈ కథ వాచకంలో ఒక మూల పెడితే పిల్లలకు సరదాగా ఉంటుంది. స్పెల్లింగు కోసం మనుషులు ఇంత తంటాలు పడ్డారా అని వాళ్లకూ తెలుస్తుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. తెలుగు నోరు మనకు దారి చూపిస్తుందన్నాను కదా, రెండు అక్షరాల దగ్గర అదే మనల్ని ముంచుతుంది. ఏ, ఓ.

ఫ్యాను, మ్యాపు, బ్యాగు, బ్యాటు, ట్యాపు. షాపు, స్టాపు, టాపు. వీటిలో దేనికీ మనం వత్తు పెట్టం. ఎందుకంటే ఆ పలుకును మనం దీర్ఘంగా తీసుకున్నాం, రాతలోనూ దీర్ఘమే ఇచ్చాం. ఇంగ్లీష్ లెక్కలో మాత్రం అవి రెండూ హ్రస్వాలే. అందుకే మ్యాపింగ్‌కు రెండు పీలు, షాపింగ్‌కు రెండు పీలు, ప్లానింగ్‌కు రెండు ఎన్‌లు. తెలుగు పత్రికలు తిరగేసినా ఇదే కనిపిస్తుంది. రన్నింగ్‌కు, విన్నర్‌కు, స్విమ్మింగ్‌కు వత్తు ఉంటుంది. షాపింగ్‌కు, ప్లానింగ్‌కు, బ్యాటింగ్‌కు ఉండదు. పొద్దున్నే అది చదివి బడికొచ్చిన పిల్లవాడు ఇంగ్లీష్‌లోనూ అలాగే రాస్తాడు. నా దగ్గరికొచ్చే నోటుబుక్కుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రన్నింగ్, సిట్టింగ్, గెట్టింగ్, బిగ్గర్ అన్నీ సరిగ్గా రాసిన పిల్లే స్టాపింగ్ దగ్గరికొచ్చేసరికి ఒక పి మింగేస్తుంది. పిల్లలదాకా ఎందుకు, ఒకే పి ఉన్న షాపింగ్ బోర్డులు మన ఊళ్లలో ఎన్ని లేవు!

అంటే ఈ తప్పు అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు. తెలుగు చెవి ఉన్నవాళ్లెవరైనా అదే చోట అదే తప్పు చేస్తారు. ఢిల్లీలోనో లండన్‌లోనో తయారైన ఫొనిక్స్ పుస్తకం (అక్షరాలను పలుకులతో జతచేసి చదవడం నేర్పేది) తెచ్చి మన పిల్లల ముందు పెడితే ఈ గుంట అందులో కనపడదు. ఆ పుస్తకం రాసినవాళ్లకు ఫ్యాను, పెన్ను అనే మాటలు తెలియవు. మీకు తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

నా క్లాసులో నేను చెప్పేది ఇది. ఐ, ఈ, యు ఉన్న మాటల దగ్గర నీ చెవిని నమ్ము: పిన్ను, పెన్ను, కప్పు. ఏ, ఓ ఉన్న మాటల దగ్గర చెవిని పక్కనపెట్టి కంటితో చూడు. మాటలో అచ్చు అక్షరం ఒక్కటే ఉందా? దాని తర్వాత హల్లు ఒక్కటే ఉందా? రెండింటికీ అవునంటే రెట్టింపు చెయ్యి. చివర 'ఈ' (e) ఉంటే ముందున్న అచ్చు దీర్ఘం, ఆ 'ఈ'ని తీసేసి ఇంగ్ పెట్టు, రెట్టింపు జోలికి పోకు. తర్వాత బోర్డు మీద జతలు రాస్తాను. ప్లానింగ్‌లో రెండో ఎన్ మర్చిపోతే అది ప్లేనింగ్ అయి కూర్చుంటుంది, అంటే వడ్రంగి చిత్రిక పట్టడం. వార్తల్లో వినే ఫోన్ ట్యాపింగ్‌లో ఒక పి ఎగిరిపోతే టేపింగ్ అవుతుంది. ఇవి చెప్పిన రోజు క్లాసులో నవ్వులు వినిపిస్తాయి, మర్నాడు తప్పులు తగ్గుతాయి. (రెండు టీలు అన్నప్పుడల్లా 'సార్, నాకూ ఒకటి' అనేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. అది వేరే సంగతి.)

మీరు వేయబోయే రెండు పేజీల్లో ఒకటి క్రికెట్‌కు ఇవ్వండి. స్కోరుబోర్డు దగ్గర వినపడే మాటలతోనే పాఠమంతా అయిపోతుంది. స్పిన్నర్‌కు రెండు ఎన్‌లు, ఎందుకంటే స్పిన్ పొట్టిది. పేసర్‌కు ఒకటే సి, పేస్ పొడుగుది. రన్నర్, విన్నర్, హిట్టర్ స్పిన్నర్ జట్టు. కీప్‌లో అచ్చు అక్షరాలు రెండు కాబట్టి కీపర్‌కు పి ఒకటే. ఫీల్డర్‌లో డి ఒకటే, ముందే ఎల్ ఉంది. సిక్సర్‌లో ఎక్స్ ఒకటే, ఎందుకంటే ఎక్స్ అక్షరం ఒకటే అయినా పలుకులు రెండు, క, స. ఓపెనర్‌లో ఎన్ ఒకటే, దాని సంగతి పై తరగతుల్లో చెప్పుకోవచ్చు. బ్యాటర్ దగ్గర మాత్రం ఆగి, ఎర్రరంగు వేసి చూపించండి. తెలుగులో వత్తు లేదు, ఇంగ్లీష్‌లో టీలు రెండు. 'ఏ' (a) అక్షరం చేసే మోసం ఇదే అని అక్కడ చెప్పండి.

మన సూత్రానికి లొంగని మాటలు కొన్ని ఉన్నాయని కూడా దాచకుండా చెప్పాలి. రోడ్డు దీర్ఘమైనా వత్తు పెట్టుకుంది. క్లాసు, గ్లాసు, పాసు మన నోట దీర్ఘాలు, స్పెల్లింగులో మాత్రం ఎస్‌లు రెండు. ఇంగ్లండ్ దక్షిణాన ఈ మాటల్లో అచ్చు తర్వాతి కాలంలో సాగింది, రాత మారలేదు, మనకొచ్చింది ఆ సాగిన పలుకు. ఇంగ్లండ్ ఉత్తరాన, అమెరికాలో ఇప్పటికీ పొట్టిగానే అంటారు. బస్సు తిరకాసు దీనికి ఎదురుగా ఉంది. మనకు రెండు, వాళ్లకు ఒకటే ఎస్. అది ఆమ్నిబస్ అనే లాటిన్ మాటకు మిగిలిన తోక. పుట్టుకతో ఇంగ్లీష్ మాట అయ్యుంటే బెల్లు, బిల్లు, మిల్లు, మిస్ లాగా చివర రెండు అక్షరాలు ఉండేవేమో.

ఇంతవరకూ చెప్పిందంతా చివర ఏదో ఒకటి చేర్చినప్పుడు జరిగే రెట్టింపు గురించి. మాట లోపలే ఉండే రెట్టింపు వేరే జాతి. వాచకాలు ఈ రెండింటినీ ఒకే పెట్టెలో వేయడమే నాకు అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం. మొదటిదానికి నియమం గట్టిది, నమ్ముకుని నడవొచ్చు. రెండోదానికి నియమం సగం దూరమే వస్తుంది. ర్యాబిట్‌కు రెండు బీలు, హ్యాబిట్‌కు ఒకటి. రెండూ ప్రాసలో సరిగ్గా కుదురుతాయి, స్పెల్లింగులో కుదరవు. హ్యాబిట్, లిమిట్, మెటల్, మోడల్, క్యాబిన్ లాంటివి లాటిన్, ఫ్రెంచి దారిలో వచ్చి ఒంటి హల్లుతోనే ఉండిపోయాయి. వీటిని నియమంతో సాధించబోతే పిల్లవాడికి నియమం మీదే నమ్మకం పోతుంది. ఇవి చదవగా చదవగా కంటికి అలవాటు కావాలి, అంతే.

అయినా ఇక్కడా పట్టుకోవడానికి కొన్ని కొమ్మలున్నాయి. చివర ఎల్-ఈ వచ్చే మాటల్లో పొట్టి అచ్చుకు రెట్టింపు ఉంటుంది: బాటిల్, లిటిల్, మిడిల్, యాపిల్. పొడుగు అచ్చుకు ఉండదు: టైటిల్, టేబుల్, కేబుల్. నీళ్ల బాటిల్‌కు రెండు టీలు, సినిమా టైటిల్‌కు ఒకటి అంటే పిల్లలు మర్చిపోరు. కె అక్షరాన్ని ఇంగ్లీష్ సాధారణంగా రెండుసార్లు రాయదు, దాని బదులు సి-కె రాస్తుంది. క్రికెట్, టికెట్, పాకెట్, రాకెట్, బకెట్, జాకెట్ అన్నీ సి-కె. మార్కెట్‌లో మాత్రం ముందే ఆర్ ఉంది కాబట్టి ఒంటి కె. ఈ ఏడు మాటలూ మన పల్లెల్లో రోజూ వినపడేవే, కానీ ఒకేచోట వరసగా పేర్చిన వాచకం నా కంటపడలేదు. వి కూడా సాధారణంగా రెట్టింపు కాదు: రివర్, నెవర్, సెవెన్. పాతకాలపు రాతలో రెండు వీలు పక్కపక్కన పెడితే డబ్ల్యు లాగా కనపడేది మరి.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి బిగినింగ్, విజిటింగ్ తేడా వస్తుంది. ఒకదానికి రెండు ఎన్‌లు, రెండోదానికి టి ఒకటే. మాటలో ఊనిక (స్ట్రెస్, అంటే నొక్కి పలికే చోటు) చివర పడితే రెట్టింపు, ముందు పడితే లేదు. ఓపెనర్ సంగతి కూడా ఇదే. ఇది నిజమైన నియమమే గానీ మనకు పెద్దగా ఉపయోగపడదు. తెలుగులో ఇలాంటి ఊనిక లేదు, వినపడనిదాన్ని ఆధారం చేసుకుని రాయమంటే పిల్లలు ఏం చేస్తారు? దీన్ని నియమంగా అప్పజెప్పించడం మానేసి జట్లుగా ఇవ్వండి. బిగిన్, ఫర్గెట్, అడ్మిట్, ప్రిఫర్, అక్కర్ ఒక జట్టు. విజిట్, ఓపెన్, లిసన్, ఆఫర్, ఎంటర్ ఇంకో జట్టు. ఊనిక సంగతి తర్వాత చెవికి తెలిస్తే తెలుస్తుంది.

పదో తరగతిలో పిల్లలను ఏడిపించే అకామడేషన్, ఇల్లీగల్, ఇమ్మెచ్యూర్, ఇర్రెగ్యులర్, అటెండ్ లాంటివాటికి మన దగ్గర ఇంకా మంచి తాళంచెవి ఉంది. సత్, జనుడు కలిస్తే సజ్జనుడు. జగత్, నాథుడు కలిస్తే జగన్నాథుడు. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం. లాటిన్‌లో జరిగింది కూడా సంధే. ఇన్ అనే ఉపసర్గ లీగల్‌ను తాకగానే ఇల్ అయింది, మెచ్యూర్‌ను తాకగానే ఇమ్ అయింది, రెగ్యులర్‌ను తాకగానే ఇర్ అయింది. అడ్ అనేది టి ముందు అట్ అయింది, సి ముందు అక్ అయింది. అకామడేషన్‌లో రెండు సీలు, రెండు ఎమ్‌లు ఎందుకో ఈ లెక్కన చెబితే ఒక్కసారికే నిలుస్తుంది: అడ్, కామ్ అనే రెండు ఉపసర్గలు ఒకదాని వెనక ఒకటి అతుక్కున్నాయి. తెలుగు మాస్టారు నేర్పిన పాఠాన్ని పక్క పీరియడ్‌లో వాడుకోవడానికి మనకెందుకింత మొహమాటం?

ఆ మొహమాటం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు మాట దొర్లకూడదని శిక్షణల్లో చెబుతూ వచ్చారు. అదే బడిలో లెక్కలకు, సైన్సుకు ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. కిరణజన్య సంయోగక్రియ అర్థం కావడానికి తెలుగు సాయం తప్పు కానప్పుడు, స్టాపింగ్‌కు రెండు పీలు ఎందుకో చెప్పడానికి తప్పెలా అవుతుంది? పాఠమంతా తెలుగులో చెబుతానని నేనడగడం లేదు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం, సంయుక్తం అన్న నాలుగు మాటలు ఇంగ్లీష్ వాచకంలో, టీచర్ల చేతిపుస్తకంలో అచ్చువేయించండి. శిక్షణకు వచ్చిన టీచరు ఆ మాటలు వాడితే పరిశీలకులు తప్పుపట్టకుండా చూడండి.

ఇంకొక్కటి, మూల్యాంకనం గురించి. ట్రావెలింగ్, క్యాన్సిల్డ్ లాంటి మాటల్లో బ్రిటిష్‌వాళ్లు ఎల్ రెండుసార్లు రాస్తారు, అమెరికావాళ్లు ఒకసారి. 19వ శతాబ్దంలో నోవా వెబ్‌స్టర్ నిఘంటువులు ఖాయం చేసిన తేడా ఇది. మన వాచకాలది బ్రిటిష్ పద్ధతి, పిల్లల చేతిలో ఉన్న ఫోన్లలో చాలావాటిది అమెరికా పద్ధతి. పుస్తకం చూసి సరిగ్గా రాసిన మాట కింద ఫోను ఎర్రగీత పెడుతుంది, ఫోను చూసి రాసిన మాట కింద మేము పెడతాం. ఈ మాటల జాబితా ఒకటి తయారుచేసి, రెండు స్పెల్లింగులకూ మార్కు ఇవ్వాలని పేపర్లు దిద్దేవారికి రాతపూర్వకంగా చెప్పండి. డిక్టేషన్‌లో కూడా, రెట్టింపు నియమం తెలిసి రాసిన మాటకు, బట్టీపట్టి రాయాల్సిన మాటకు వేరువేరు వరసలు పెట్టండి. మొదటి వరసలో తప్పుపోతే మేము మళ్లీ పాఠం చెప్పాలని అర్థం. రెండో వరసలో తప్పుపోతే పిల్లవాడు ఇంకా నాలుగు పుస్తకాలు చదవాలని అర్థం. పదిసార్లు ఇంపొజిషన్ రాయించాల్సిన అవసరం ఈ రెండింట్లో ఏదానికీ లేదు.

క్రికెట్ పేజీకి, సి-కె మాటల పట్టికకు, ఏ, ఓ మాటల అభ్యాసానికి నేను క్లాసులో వాడుకునే చిత్తుప్రతులు ఉన్నాయి. మీరు అడిగితే పంపిస్తాను. వాటిలో మీకు తప్పులు కనపడితే దిద్దండి, మన పిల్లల నోటికి సరిపోని మాటలుంటే తీసేసి వేరేవి పెట్టండి.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్